ఆదివారం ఒకరి మనిషి, సోమవారం ఇంకొకరి మనిషి

తెలుగు నేల మీద క్రైస్తవుల ఇల్లు కనిపెట్టడానికి ఎవరినీ అడగక్కర్లేదు. గేటు పక్కనో గుమ్మం పైనో ఒక వాక్యం కనిపిస్తుంది: "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము." కొందరు టైల్స్ మీద రాయించుకుంటారు, కాస్త ఉన్నవాళ్లు గ్రానైట్ మీద చెక్కిస్తారు, లేనివాళ్లు ఆ వాక్యం ఉన్న క్యాలెండర్ తగిలించుకుంటారు. పెళ్లి శుభలేఖ మీదా అదే, ఆటో వెనకాలా అదే.

అది బైబిల్లోని ఒక వచనంలో చివరి ముక్క. యెహోషువ గ్రంథం 24వ అధ్యాయం, 15వ వచనం. గోడ మీదికి ఎక్కని ముందు ముక్కలో "మీరు ఎవని సేవించెదరో నేడు మీరు కోరుకొనుడి" అని ఉంటుంది. ముసలివాడైపోయిన నాయకుడు యెహోషువ ఇశ్రాయేలు గోత్రాలన్నిటినీ షెకెము అనే ఊళ్లో కూడగట్టి వాళ్ల ముందు దారులు పరుస్తాడు. నది అవతల మీ తాతలు కొలిచిన దేవతలున్నారు, ఇప్పుడు మీరు కాపురముంటున్న ఈ దేశపు దేవతలున్నారు, యెహోవా ఉన్నాడు, ఎవరు కావాలో ఇవాళే తేల్చుకోండి అంటాడు. జనం ఒక్క గొంతుతో "మేమూ యెహోవానే సేవిస్తాం" అంటారు. మామూలు సభైతే అక్కడ చప్పట్లు కొట్టి ముగించేస్తారు. యెహోషువ మాత్రం 19వ వచనంలో "అది మీవల్ల కాదు" అని ముఖం మీదే అనేస్తాడు. ఈ మాటను ఎవరైనా గోడ మీద రాయించుకోగా నేను చూడలేదు.

ఆరాధన రోజువారీ బతుకులో చేసుకునే ఎంపిక అని పాస్టర్లు తరచూ చెబుతుంటారు. వినడానికి తేలికగా ఉండే ఈ మాట లోపల చాలా చిక్కుముళ్లున్నాయి. ఆరాధన ఏది? ఎంపిక ఎవరిది? ఆదివారం ఎందుకు? ఎంపిక చేసుకునే వీలే లేనివాళ్ల సంగతేమిటి?

మాట దగ్గరే మొదటి ముడి

"ఆరాధన అంటే ఏమిటి" అని నలుగురు తెలుగు క్రైస్తవుల్ని అడిగితే నాలుగు జవాబులొస్తాయి. ఆర్‌సీఎం వాళ్లకు, అంటే రోమన్ కాథలిక్కులకు, అది దివ్యబలిపూజ. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో ఆరాధన క్రమం అనే పుస్తకం ప్రకారం, గురువు ఒక వాక్యం, సంఘం ఒక వాక్యం చదువుతూ నడిచేది. బఖ్త్ సింగ్ మొదలుపెట్టిన హెబ్రోను సహవాసాల్లో రొట్టె విరవడానికి ముందు ఒక్కొక్కరే లేచి దేవుణ్ణి కొనియాడే సమయానికి ఆ పేరు, ప్రసంగం వేరే సంగతి. పెంతెకొస్తు సంఘాల్లో కీబోర్డు, డ్రమ్స్‌తో చేతులెత్తి పాడేది ఆరాధన. అక్కడ "ఆరాధన అయిపోయింది, ఇప్పుడు వాక్యం" అని మైకులో చెప్పడం మామూలే. నలుగురికీ పడని విషయాలు చాలా ఉన్నా ఒక్క విషయంలో కలుస్తారు. ఆరాధనకు ఒక టైమూ ఒక చోటూ ఉంటాయి. గంట కొడితే మొదలవుతుంది, ఆశీర్వాదంతో ముగుస్తుంది.

బైబిలు భాషల్లో ఈ గీత ఇంత గట్టిగా లేదు. హీబ్రూలో ఆరాధనకు వాడే మాటలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి సాగిలపడటం, అంటే ఒళ్లు వంచి నేలకు ఆనించడం. రెండోది 'అబద్' అనే ధాతువు. దానికి పని చేయడం, సేద్యం చేయడం, ఒకరి కింద కొలువు చేయడం, దేవుణ్ణి కొలవడం అన్నీ అర్థాలే. ఏదెను తోటను సేద్యం చేయడానికి ఆదామును పెట్టారన్న చోట అదే ధాతువు. ఐగుప్తులో (ఈజిప్టులో) ఇటుకలు చేయించిన వెట్టికీ అదే. "నన్ను సేవించేందుకు నా జనాన్ని పోనివ్వు" అని ఐగుప్తు రాజు ఫరోకు దేవుడు పంపిన కబురులోనూ అదే. అంటే నిర్గమకాండం కథంతా ఒక్క మాట చుట్టూ తిరిగే పేచీ: వీళ్లు ఎవరి పనివాళ్లు? ఫరో జవాబు కూడా గమనించాలి. మీరు సోమరులు, పని ఎగ్గొట్టడానికే బలి అర్పించుకుంటాం పోనివ్వండి అంటున్నారు, అంటాడు. సెలవడిగిన కూలీతో ఆసామి అనే మాట అప్పటి నుంచీ పెద్దగా మారలేదు.

ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఇమిడి ఉండటం ఇంగ్లీషు పాఠకులకు విడమరిచి చెప్పాలి. మనకు ఆ ఇబ్బంది లేదు. సేవ అంటే పనీ, సేవ అంటే కొలుపూ. తొలితరం బోధకుడు పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం 12వ అధ్యాయంలో మీ శరీరాలనే సజీవయాగంగా అర్పించండి అని, "ఇట్టి సేవ మీకు యుక్తమైనది" అని ముగిస్తాడు. అక్కడి గ్రీకు మాట 'లత్రెయా' కూడా కొలువుకూ కొలుపుకూ రెండిటికీ చెల్లుతుంది. యాగం అంటే చచ్చిన జంతువు. ఇక్కడ అడుగుతున్నది బతికున్న ఒంటిని, అంటే పొద్దున లేచి బస్సెక్కి పనికి పోయి వచ్చే ఒంటిని.

మన సంఘాల్లో మాత్రం ఈ మంచి మాట కాలక్రమంలో కుంచించుకుపోయింది. ఇప్పుడు సేవకుడు అంటే పాస్టరు. "మా వాడు సేవలోకి వెళ్లాడు" అంటే ఉద్యోగం మానేసి బోధకుడయ్యాడని. మిగతా అందరూ విశ్వాసులు. ఆరాధనేమో ఆదివారానికి పోయింది, సేవేమో పాస్టరుగారికి పోయింది. మిగిలిన ఆరు రోజులూ ఎవరికీ చెందని బంజరులా పడున్నాయి.

ఒక గవర్నరు ఫైలు

తొలి క్రైస్తవుల ఆరాధన ఎలా ఉండేదో బయటివాడు చూసి రాసిన పాత కాగితాల్లో ఒకటి మనకు దక్కింది. క్రీ.శ. 112 ప్రాంతంలో, ఇప్పటి టర్కీలో నల్లసముద్రం ఒడ్డున ఉన్న బితూనియ–పొంతు ప్రాంతానికి ప్లినీ అనే రోమన్ గవర్నరు ఉండేవాడు. క్రైస్తవుల్ని ఏం చేయాలో పాలుపోక ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. విచారణలో వాళ్లు చెప్పినదాన్ని అందులో ఎక్కించాడు. ఒక నియమిత దినాన తెల్లవారకముందే కలుసుకుంటారు. క్రీస్తును దేవుడిగా తలచి వంతులవారీగా పాట పాడుకుంటారు. ఆపైన ఒక ప్రమాణం చేస్తారు: దొంగతనం చేయం, దోపిడీ చేయం, వ్యభిచారం చేయం, ఇచ్చిన మాట తప్పం, మా దగ్గర దాచిన సొమ్ము అడిగినప్పుడు లేదనం. తర్వాత విడిపోయి, మళ్లీ కలిసి మామూలు తిండే తింటారు.

ఆ చివరి ప్రమాణం చదివినప్పుడల్లా నాకు మన చీటీల గొడవలు గుర్తొస్తాయి. బ్యాంకులు అందుబాటులో లేని జనం నమ్మకస్తుడి దగ్గర సొమ్ము దాచుకునేవారు. ఆ నమ్మకస్తుడు ఒకరోజు "నువ్వెప్పుడిచ్చావు" అంటే దిక్కు లేదు. క్రీస్తుకు పాడిన నోటితోనే, వెంటనే, దాచిన డబ్బు గురించి ప్రమాణం చేయడం ఆ సంఘానికి ఒకే పనిలా అనిపించింది. ప్రమాణానికి ప్లినీ వాడిన లాటిన్ మాట 'సాక్రమెంతుమ్'. ఆ మాటే తర్వాతి రోజుల్లో బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం లాంటి సంస్కారాలకు (సాక్రమెంట్లకు) పేరయింది.

తెల్లవారకముందే ఎందుకు? ఆదివారం అప్పట్లో పనిదినం. చేరినవాళ్లలో బానిసలున్నారు, యజమాని లేచేలోపు తిరిగి వెళ్లాలి. నిజం చెప్పించడానికని ప్లినీ చిత్రహింస పెట్టించిన ఇద్దరూ బానిస స్త్రీలే, సంఘంలో పరిచారికలు. విడుదలకు అతను పెట్టిన పరీక్ష చిన్నదే. చక్రవర్తి బొమ్మ ముందు కాస్త సాంబ్రాణి వేయాలి, కాస్త ద్రాక్షారసం పోయాలి, క్రీస్తును తిట్టాలి. కొందరు చేసేశారు. ఒప్పుకోనివాళ్లకు మరణశిక్ష పడింది. ఇదే ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది. గుళ్లలో బలిచ్చిన జంతువుల మాంసం కొనేవాళ్లు చాలాకాలంగా కరువయ్యారట. ఎంపిక అంగడిదాకా వచ్చిందన్నమాట.

ఒంగోలు ఆదివారాలు

ఆదివారాన్ని సెలవుగా చేసింది కాన్‌స్టంటైన్ చక్రవర్తి, 321లో. న్యాయస్థానాలు, పట్నాల్లో పనిశాలలు మూయాలన్నాడు. పొలం పనివాళ్లను మాత్రం మినహాయించాడు. అదును తప్పితే పంట పోతుందని కారణం చెప్పాడు. 1,500 ఏళ్ల తర్వాత మన ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో వచ్చిన తగువు సరిగ్గా ఆ మినహాయింపు దగ్గరే.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. తోలు వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం తీసుకున్నాక మాదిగ కుటుంబాలు ఊరు వెంట ఊరు ఇటు తిరిగాయి. కొత్తగా చేరినవాళ్లకు సూత్రాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఇంత పొట్టి జాబితాలో సిద్ధాంతం పెద్దగా కనిపించదు. కానీ ఊరి కట్టుబాటు తెలిసినవాళ్లకు ఆ మూడూ ఎక్కడ తగిలాయో తెలుస్తుంది. చెప్పులు కుట్టడం, మోటకు తోలుసంచి కట్టడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిస్తే పొలానికి రావడం ఊరు వాళ్ల మీద మోపిన చాకిరీ. బదులుగా కళ్లంలో కొన్ని గింజలు. ఇందులో "ఈ రోజు రాను" అనే మాటకు చోటే లేదు. వారానికి ఒక రోజు మాది కాదు, మీదీ కాదు, దేవుడిది అని కూలివాడు అనడమంటే, మిగతా ఆరు రోజులు కూడా తాను పుట్టుకతో ఆసామి మనిషిని కానని చెప్పడమే. ఆసామికి ఆ అర్థం బాగానే అందింది. డప్పు కొట్టనన్నందుకు తన్నులు, బావి దగ్గర అడ్డగింతలు, పనిలోంచి తీసేయడాలు, దొంగ కేసులు ఆ కాలపు మిషన్ రాతల్లో కనిపిస్తాయి.

వీళ్లంతా గంజి కోసం మతం మారినవాళ్లనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, సరిగ్గా ఈ అనుమానం రాకూడదనే. పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ప్రతి ఒక్కరి మనసులో ఏముందో నాకు తెలియదు. కానీ ఆదివారం పని మానేస్తే కూలి పోతుంది, దెబ్బలు పడతాయి. గంజి కోసమే అయితే అది చాలా నష్టపు బేరం.

మనసు రాకపోతే?

ఈ రోజుల్లో చర్చి బయట చెప్పులు వేసుకుంటూ "ఇవాళ ఆరాధన బాగుంది" అంటారు. సినిమా చూసొచ్చి చెప్పినట్టే. కన్నీళ్లొస్తే ఆత్మ దిగినట్టు, రాకపోతే పాట సరిగ్గా పాడనట్టు. పాటను నేను తక్కువ చేయడం లేదు. పాట లేని తెలుగు క్రైస్తవాన్ని ఊహించను కూడా లేను. కానీ ఆరాధనను అనుభూతితో తూకం వేస్తే ఎంపిక అన్న మాటకు పని లేకుండా పోతుంది. అనుభూతిని ఎవరూ ఎంచుకోలేరు, అది రావాలంతే.

కీర్తనల గ్రంథం ఈ విషయంలో చాలా నిక్కచ్చిగా ఉంటుంది. 103వ కీర్తన "నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము" అని మొదలవుతుంది. పాడేవాడు దేవుడితో కాదు, తనతో తాను మాట్లాడుతున్నాడు. వెనక్కి లాగుతున్న ఎద్దును అదిలించినట్టు తన ప్రాణాన్ని తానే అదిలిస్తున్నాడు. 42లో "ఎందుకు కుంగిపోయావు" అని దాన్నే నిలదీస్తాడు. బిడ్డలంతా ఒక్క రోజే పోయారన్న కబురు విన్న యోబు బట్టలు చింపుకుని, తల గొరిగించుకుని, నేల మీద పడి దేవునికి మొక్కాడు. అక్కడ సంతోషం లేదు, సంగీతం అసలే లేదు.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. "ఎంపిక కదా, స్తుతించడం మొదలుపెట్టు, టెన్షన్ అదే పోతుంది" అని దుఃఖంలో ఉన్నవాళ్లకు సలహాలిచ్చే సోదర సోదరీమణులు మన సంఘాల్లో తక్కువేం లేరు. కీర్తనల్లో 88వది చదివితే ఆ సలహా నిలవదు. అది మొరతో మొదలై చీకటి అన్న మాట దగ్గర ఆగిపోతుంది. ఓదార్పు లేదు, ఆఖర్లో స్తుతి కూడా లేదు. అయినా అది ఆరాధన పుస్తకంలోనే ఉంది. ఎంపిక ఏమిటంటే ఆ చీకటి మాటనూ ఆయనతోనే అనడం. దిగులు జబ్బయినప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లడం వేరే విషయం, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అన్నీ ఆరాధనే అయితే ఆదివారం దేనికి?

17వ శతాబ్దంలో పారిస్‌లోని కర్మెలు మఠంలో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన ఉండేవాడు. అసలు పేరు నికొలా ఎర్మాన్. యుద్ధంలో గాయపడిన సైనికుడు, చదువు అంతంత మాత్రం. 1640లో మఠంలో చేరితే వంటగదిలో వేశారు. వంట ఆయనకు ఏ మాత్రం ఇష్టం లేని పని. ఏళ్ల తరబడి ఆ ఇష్టంలేని పనే చేస్తూ, పెనం మీద అట్టు తిరగేయడం కూడా దేవుని మీద ప్రేమతోనే చేస్తానని, గిన్నెల చప్పుడులో ఉన్నా చర్చిలో పవిత్ర రొట్టె ముందు మోకరించి ఉన్నా తనకు ఒకటేనని చెప్పేవాడు. ఈయన కథ ప్రసంగాల్లో తెగ వాడతారు. మిజోరంలో 1910 నుంచి ఆడవాళ్లు పాటిస్తున్న 'బుహ్‌ఫాయ్ థమ్' నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. పూటపూటా అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు తీసి దేవుని కోసం పక్కన పెడతారు. ఆ గుప్పెళ్లన్నీ పోగై అక్కడి సంఘాల ఖర్చులో పెద్ద భాగమే మోస్తున్నాయి. నెలకోసారి చెక్కు రాయడం కన్నా ఇది కష్టం. రోజుకు రెండుసార్లు, పొయ్యి ముందు నిలబడి, డబ్బాలో బియ్యం ఎంత ఉందో చూస్తూ తేల్చుకోవాలి.

ఇక్కడి నుంచి కొందరు ఒక అడుగు ముందుకేసి "నా పనే నా ఆరాధన, చర్చికి ప్రత్యేకంగా ఎందుకు" అంటారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఫోన్లో ఆరాధన చూడటం అలవాటయ్యాక ఈ మాట ఇంకా పెరిగింది. పోపు వేస్తూ పాట వినొచ్చు, కాదనను. కానీ వంటగదినీ బలిపీఠాన్నీ కలిపిన పాత మనుషులెవరూ బలిపీఠాన్ని ఎత్తేయలేదు. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు తన మఠానికి పెట్టిన నియమాల్లో స్టోరు చూసుకునేవాడు పారలనూ గిన్నెలనూ బలిపీఠం మీది పాత్రల్లా చూడాలన్నాడు. అదే నియమాల్లో గంట కొడితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి ప్రార్థనకు పరిగెత్తాలని కూడా అన్నాడు. బలిపీఠం మీద పాత్రను ఎలా పట్టుకోవాలో చూసినవాడికే కదా పారను అలా పట్టుకోవడం తెలిసేది.

స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ సంగతి చెప్పకుండా మన యవనస్తుల కూటం ముగియదు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని పరిగెత్తనన్నాడు, 400 మీటర్లలో స్వర్ణం గెలిచాడు. అక్కడితో ఆపేస్తారు. మిగతా సగం చైనాలో జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం వైహ్సియన్ నిర్బంధ శిబిరంలో పెట్టిన విదేశీయుల్లో ఆయనొకడు. అక్కడి పిల్లల ఆటలన్నీ ఆయనే చూసుకునేవాడు, ఆదివారం తప్ప. ఒక ఆదివారం పిల్లలు వాళ్లంతట వాళ్లే హాకీ పెట్టుకుని కొట్టుకున్నారు. తర్వాతి ఆదివారం లిడెల్ మైదానంలోకి వచ్చి రిఫరీగా నిలబడ్డాడు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే పోయాడు. తన పతకం కోసం దాటని గీతను పిల్లల కొట్లాట ఆపడానికి దాటాడు. నన్నడిగితే రెండూ ఒకే మనిషి, ఒకే ఎంపిక. సూత్రం కోసం వెతికేవాళ్లకు మాత్రం ఇది మింగుడు పడదు.

సెలవు లేనివాళ్లు

ఆఫీసు టేబుళ్ల మీద, షాపుల్లో కనిపించే ఇంకో వాక్యం ఉంది. కొలొస్సయుల ఉత్తరం 3వ అధ్యాయంలోది. ఏం చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయండి అని. ఉద్యోగస్తులు దీన్ని కెరీర్ సలహాలా వాడుకుంటారు. కానీ పై వచనం చూస్తే అది "దాసులారా" అని మొదలవుతుంది. చెబుతున్నది జీతగాళ్లకు కాదు, అమ్ముడుపోయిన మనుషులకు. తర్వాతి కాలంలో బానిసల యజమానులు ఈ మాటల్నే అణిగి ఉండమని చెప్పడానికి వాడుకున్న చరిత్ర ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. పౌలు ఉత్తరం మాత్రం అక్కడ ఆగదు. మీరు కొలిచేది క్రీస్తు ప్రభువును అని బానిసకు చెబుతుంది. వెంటనే యజమాని వైపు తిరిగి, న్యాయంగా, సమంగా చూడు, నీకూ పైన ఒక యజమాని ఉన్నాడు అంటుంది. బజారులో "ఎవరి మనిషివి" అంటే ఫలానా వాళ్ల మనిషిని అని చెప్పుకోవాల్సిన వ్యక్తికి, ఆ జవాబు వెనక ఇంకో జవాబు దొరికింది.

మన గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇళ్లలో పని చేయడానికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లకు ఇది పాత కథ కాదు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు ఆరాధన కూడా శుక్రవారమే. యూఏఈ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలను సెలవులు చేశాక అక్కడి సంఘాలు చాలావరకు ఆదివారానికి మారాయి. ఇంటిపని వాళ్లకు వారానికో రోజు విశ్రాంతి ఇవ్వాలని కువైట్ 2015లో చట్టం చేసింది. చట్టం కాగితం మీద ఉంది, తలుపు తాళంచెవి యజమానురాలి దగ్గరుంది. శుక్రవారం చుట్టాలొస్తారు, వంట రెట్టింపవుతుంది. ఆరాధనకు వెళ్లాలో వద్దో అనే ఎంపిక ఆమె చేతిలో లేదు. గిన్నెలు కడుగుతూ లోగొంతుతో పాడుకునే పాట మాత్రం ఆమెదే. ప్లినీ ఫైలులోని ఆ ఇద్దరు స్త్రీలు ఈమెకు వింతగా అనిపించరు. వారానికి ఏడు రోజులూ తాళంచెవి తన జేబులోనే ఉన్న మనిషి "నాకు టైమ్ కుదరడం లేదు" అన్నప్పుడు నాకు ఈమె గుర్తొస్తుంది.

"మీవల్ల కాదు"

ఇప్పుడు యెహోషువ మాట దగ్గరికి రావాలి. కోరుకోమన్నవాడే మీవల్ల కాదని ఎందుకన్నాడు? దీని మీద క్రైస్తవులు శతాబ్దాలు వాదించుకున్నారు. డచ్ పండితుడు ఎరాస్మస్ 1524లో మనిషికి ఎంచుకునే శక్తి కొంతైనా ఉందన్నాడు. మరుసటి ఏడు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ లేదని విరుచుకుపడ్డాడు. మనిషి మనసు స్వారీకి వాడే పశువులాంటిది, దేవుడో సాతానో ఎవరో ఒకరు ఎక్కి తోలుతూనే ఉంటారన్నాడు. ఎవరూ ఎక్కని ఖాళీ వీపు ఉండదని ఆయన ఉద్దేశం. లూథర్ మాటల్లో చాలావాటితో నేను ఏకీభవించను గానీ ఈ పోలిక మాత్రం నన్ను వదలదు. నేను ఎవరినీ కొలవను అనే మనిషి కూడా పొద్దున్నే లేచి దేనికోసమో పరిగెడుతూనే ఉంటాడు. ధనాపేక్ష విగ్రహారాధనే అని కొలొస్సయుల ఉత్తరం అన్నది ఈ అర్థంలోనే.

బైబిలు వరసలో చూస్తే ముడి కొంత వదులవుతుంది. సీనాయి కొండ దగ్గర పది ఆజ్ఞల కన్నా ముందు వినిపించే వాక్యం, మిమ్మల్ని ఐగుప్తు దాస్యంలోంచి బయటికి తెచ్చినవాణ్ణి నేను, అని. విడుదల ముందు, ఆజ్ఞ తర్వాత. యెహోషువ కూడా "కోరుకోండి" అనే ముందు అబ్రాహాము నాటి నుంచి దేవుడు ఏమేం చేశాడో వరసపెట్టి చెబుతాడు. కాబట్టి క్రైస్తవుడు చేసే ఎంపిక అంగట్లో వస్తువును ఎంచుకోవడం లాంటిది కాదు, ముందే పిలిచినవాడికి పలకడం లాంటిది. పలికాక నిలబడటం నీ సత్తువతో అయ్యేది కాదని హెచ్చరిక. నోటితో అన్నంత సులువుగా అయిపోయే పనైతే గోడ మీద రాయించుకుంటే సరిపోయేది.

ఆ గోడ ఉన్న హాల్లోనే పెళ్లి సంబంధాలు మాట్లాడుకుంటారు. కాఫీలు తాగుతారు, ప్రార్థనతో మొదలుపెడతారు, తర్వాత అబ్బాయి తండ్రి గొంతు సవరించుకుంటాడు. 1961 నుంచి కట్నం నేరం. కానుక అని పేరు మారిస్తే మాత్రం రేటు మారదు. క్రీస్తులో అందరూ ఒకటే అని పొద్దున పాడినవాళ్లు సాయంత్రం "మనవాళ్లేనా" అని మెల్లగా ఆరా తీస్తారు. మనవాళ్లంటే ఏమిటో ఎవరూ విడమరచి అడగరు. ఆమోసు ప్రవక్త చేత దేవుడు అనిపించిన మాట ఈ గదికి వర్తిస్తుంది. మీ పాటల రొద నా దగ్గర్నుంచి తీసేయండి, న్యాయాన్ని నీళ్లలా పారనివ్వండి అంటాడాయన. నాలుగో శతాబ్దపు బిషప్పు జాన్ క్రిసోస్తోం ఇంకా నేరుగా అడిగాడు: లోపల క్రీస్తుకు పట్టుబట్టలు కప్పి, బయట చలిలో బట్టల్లేక ఉన్న అదే క్రీస్తును దాటి వెళ్తావా, అని. ఇవి చదివి వినిపించినప్పుడు సంఘం ఆమెన్ అంటుంది. ఆమెన్ అనడానికి ఖర్చు లేదు.

షెకెము సభ ఎలా ముగిసిందో చెప్పి ఆపుతాను. జనం మాట మార్చలేదు, లేదు మేము యెహోవానే సేవిస్తాం అని మళ్లీ అన్నారు. యెహోషువ ఆ మాటలన్నీ గ్రంథంలో రాయించి, ఒక పెద్ద రాయి తెప్పించి అక్కడున్న చెట్టు కింద నిలబెట్టించాడు. ఈ రాయి అన్ని మాటలూ విన్నది, రేపు మీ మీద సాక్ష్యం చెప్పేది ఇదే, అన్నాడు. మనం ఆ వాక్యాన్ని చెక్కించుకునేది కూడా రాయి మీదే, హాల్లో అనుకునే ప్రతి మాటా వినపడేంత దగ్గర్లో.